బత్తాయి పిందె నిలవాలంటే

బెట్ట తీర్చి నీళ్లు కట్టిన బత్తాయి తోటలు ఇప్పుడు పూత మీదున్నాయి. నల్గొండ, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఏ తోటలో చూసినా చెట్ల కింద రాలిన పూత తెల్లగా పరుచుకుని ఉంటుంది. అది చూసి దిగులుపడి మందుల దుకాణానికి పరుగెత్తకండి. బత్తాయి పూతలో నూటికి తొంభైకి పైగా రాలిపోవడం సహజమే. వచ్చిందంతా కాయైతే చెట్టు మోయలేదు.

నిలవాల్సిన పిందె ఎందుకు రాలుతోందన్నదే మనం చూడాలి. పుప్పొడి పడి ఫలదీకరణ జరిగితే అండాశయంలో జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పెరిగి పిందె ఎదుగుతుంది. లేత గింజల్లో తయారయ్యే ఆక్సిన్, తొడిమ ఊడిపోకుండా కాపాడుతుంది. నీటి ఎద్దడి తగిలినా, చెట్టులో ఆహారం చాలకపోయినా అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్ పెరుగుతాయి. అప్పుడు తొడిమ మొదట్లో కణాల పొర వదులై పిందె రాలుతుంది. నేవల్ నారింజలాంటి గింజల్లేని రకాలు పుప్పొడి లేకుండానే కాస్తాయి. మన సాత్‌గుడి బత్తాయి గింజల రకం. గింజ కట్టిన పిందెకే పట్టు ఎక్కువ.

నిమ్మజాతి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి పెద్దగా ఎగరదు. దాన్ని పువ్వు నుంచి పువ్వుకు చేర్చేది తేనెటీగే. పూత విచ్చుకున్న వేళ పురుగుమందు కొడితే ఆ ఈగలు చస్తాయి, పంటకు ఎసరు మనమే పెట్టుకున్నట్టవుతుంది. మందు తప్పదనుకుంటే మొగ్గ దశకు ముందే కొట్టండి, లేదా పూరేకులు రాలేదాకా ఆగండి.

పిందె దశలో పాదులు ఎండనివ్వకండి. ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు నింపడం మరీ చేటు. కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వండి. చెట్టు మొదళ్ల దగ్గర లోతుగా తవ్వొద్దు, పీచువేళ్లు పైపైనే ఉంటాయి. ఆకులతో కలిసి వచ్చిన పూతలో పిందె బాగా నిలుస్తుంది, కాబట్టి ఆ లేత ఆకులను పురుగు తినకుండా పూతకు ముందే చూసుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా రాలడం ఎక్కువగా ఉంటే, అప్పుడు నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం వాడవచ్చు. 4.5 శాతం మందైతే 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చాలు, అది 10 పీపీఎం అవుతుంది. చల్లని పూట పిచికారీ చేయండి. మోతాదు పెంచితే ఫలితం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఇదే మందును ఎక్కువ మోతాదులో పిందెలు రాల్చి పలచన చేయడానికి వాడతారు.

పూత ముగిసేదాకా మాత్రం తోటలో పురుగుమందు డబ్బా మూత తీయకండి.