నమ్మదగిన వాహకం

విలువైన వస్తువును పొరుగూరికి పంపేవారు బండి దృఢత్వాన్నే కాక, బండివాని నడవడిని కూడా విచారిస్తారు. ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లను పంపేటప్పుడు మాత్రం చాలామంది వేగాన్ని చూచి తృప్తి పడతారు.

తన ఊరి శాసనాల ఛాయాచిత్రాలనో, తాను సేకరించిన జానపద గేయాల ధ్వనిముద్రణలనో సొంత వెబ్‌సైటులో ఉంచదలచిన ఒక అభిరుచిపరుని తలచుకొందాం. అతనికి సంస్థలకున్నట్లు సాంకేతిక సిబ్బంది ఉండరు. ఫైళ్లను దూరాననున్న సర్వరుకు చేర్చే సాఫ్ట్‌వేరును ఉచితంగా దింపుకొని, అందులో తన పాస్‌వర్డును నింపుతాడు. ఇంటి తాళంచెవిని అపరిచితుని చేతిలో ఉంచడం వంటిదే ఇది. ఆ పాస్‌వర్డు దొంగల పాలైతే అతని ఏళ్ల శ్రమ చెరిగిపోవచ్చు. అంతకంటె దారుణం, అతని వెబ్‌సైటును నమ్మి వచ్చిన పాఠకుల కంప్యూటర్లలోకి దుష్ట సాఫ్ట్‌వేరు ప్రవేశించవచ్చు.

ఫైళ్ల బదిలీకి ఎఫ్.టి.పి. అనే నియమావళిని 1971లో తొలిసారి రచించినవాడు కాన్పూరు ఐ.ఐ.టి. తొలి తరగతి విద్యార్థి అభయ్ భూషణ్. అప్పటి నెట్‌వర్కు కొద్దిమంది పరిశోధకుల పరిధిలోనిది. అందుచేత ఎఫ్.టి.పి.లో పాస్‌వర్డు పోస్టుకార్డు మీది రాత వలె బాహాటంగా ప్రయాణిస్తుంది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డుల చౌర్యం జరిగిన తరువాత, 1995లో టాటు యులొనెన్ ఎస్.ఎస్.హెచ్. అనే రక్షిత పద్ధతిని రూపొందించాడు. ఎస్.ఎఫ్.టి.పి. దాని మీద ఆధారపడినదే. పేరులో పోలికే గాని, పాత ఎఫ్.టి.పి.తో దీనికి బంధుత్వం లేదు. ఈ పద్ధతిని ఎరుగని సాఫ్ట్‌వేరును నిస్సంకోచంగా తిరస్కరించవచ్చు.

అయితే మంచి పేరున్న సాఫ్ట్‌వేరును ఎన్నుకొంటే చాలునా? 2014 జనవరిలో అవాస్ట్ సంస్థ ఒక మోసాన్ని బయటపెట్టింది. ప్రసిద్ధమైన ఫైల్‌జిల్లాకు నకిలీలు చేసి కొందరు ఇతర వెబ్‌సైట్లలో ఉంచారు. అవి అసలు దాని వలెనే కనిపించాయి, ఫైళ్లను చక్కగా చేరవేశాయి, ఆ పనితో పాటు పాస్‌వర్డులను గుట్టుగా దొంగలకు పంపాయి. పని సవ్యంగా జరుగుతున్నప్పుడు అనుమానం ఎవరికి కలుగుతుంది! తమను తాజాపరచుకొనే ప్రయత్నం మాత్రం వాటిలో విఫలమయ్యేది.

కనుక ఫైల్‌జిల్లా గాని, విన్‌ఎస్‌సిపి గాని తయారీదారుల సొంత వెబ్‌సైటు నుండే పొందాలి. వెతికినప్పుడు మొదట కనిపించే ప్రకటనను నమ్మరాదు. తయారీదారులు ప్రకటించే ఎస్.హెచ్.ఎ.-256 సంకేతంలో 64 అక్షరాంకెలు ఉంటాయి. మనం దింపుకొన్న ఫైలుకు మన కంప్యూటరు లెక్కించే సంకేతం దానితో పూర్తిగా సరిపోవాలి. వెబ్‌సైటే దొంగల వశమైతే సంకేతాన్ని కూడా మార్చగలరు కాబట్టి, డిజిటల్ సంతకాన్ని పరిశీలించడం ఇంకా మేలు. ఈ రెండింటికీ అయిదు నిమిషాలు పట్టదు.

మొదటిసారి సర్వరును చేరినప్పుడు ఎస్.ఎఫ్.టి.పి. దాని గుర్తింపు ముద్రను చూపి, మన సమ్మతిని కోరుతుంది. దాదాపు అందరూ చదవకనే అంగీకరిస్తారు! సర్వరు నిర్వాహకులు తెలిపిన ముద్రతో దానిని పోల్చిన పిదపనే సమ్మతించాలి. మధ్యలో మరొకడు సర్వరు వేషం వేసుకొని కూర్చుంటే తెలిసేది అక్కడే. పాస్‌వర్డును గుర్తుంచుకొమ్మని సాఫ్ట్‌వేరుకు చెప్పడం కూడా ఆలోచించవలసిన విషయమే. ఫైల్‌జిల్లా వాటిని ఏళ్ల తరబడి రక్షణ లేకుండానే కంప్యూటరులో ఉంచేది. వాటికి తాళం వేసే ప్రధాన పాస్‌వర్డు సదుపాయం 2017లో వచ్చింది. అదైనా వాడేవారు తామై ఎంచుకొంటేనే పనిచేస్తుంది.