చేపల పడవకు తగిన ప్రొపెల్లరు

మన సముద్రతీరపు పల్లెలలో తెరచాపనెత్తి వేటకు బోవు తెప్పలు నేడు తగ్గిపోయినవి. వెనుకబల్లకు ఔట్‌బోర్డు ఇంజను తగిలించిన ఫైబరు పడవలు వాని స్థానమున నిలిచినవి. మా విద్యార్థులలో పెక్కండ్ర కుటుంబములకు ఈ పడవలే జీవనాధారము. ఇంజను కొనునపుడు దాని అశ్వశక్తిని గూర్చి ఇంటిల్లిపాదియు చర్చింతురు; నీటిలో మునిగి కంటికి గానరాని ప్రొపెల్లరును గూర్చి అడుగువారు మాత్రము తక్కువ. రేవులలో కొందరు దీనిని ఫ్యాను అందురు. ఇంజను పుట్టించు బలమంతయు నీటికి చేరుటకు ఇదియొక్కటే త్రోవ. ఇది తగినది కానిచో, పెద్ద ఇంజనుకు సొమ్ము చెల్లించి చిన్న ఇంజను పని చేయించుకొన్నట్లగును.

ప్రొపెల్లరుమీద సాధారణముగా రెండంకెలు చెక్కబడియుండును. 9¼ × 8 అని యున్నచో, మొదటిది రెక్కల కొనలు తిరుగు వలయముయొక్క వ్యాసము, రెండవది పిచ్చు; రెండును అంగుళములే. (ఈ యాంగ్లపదమును మన తెలుగు పిచ్చితో కలుపరాదు.) మరమేకును ఒక చుట్టు త్రిప్పినచో అది చెక్కలోనికి కొంత దూరము దిగును గదా. నీరును చెక్కవలె గట్టిదైనచో, ప్రొపెల్లరు ఒక్క చుట్టులో ఎంత ముందుకు సాగునో అదియే పిచ్చు. కాని నీరు గట్టిది కాదు. అది వెనుకకు జారును. లెక్కప్రకారము రావలసిన దూరమునకును, పడవ నిజముగా పోయిన దూరమునకును గల భేదమును జారుడు అందుము. జారుడు కొంతయైనను లేనిచో తోపుడు లేదు. నీటిని వెనుకకు నెట్టినందువలననే పడవ ముందుకు కదలునని, న్యూటను మూడవ సూత్రము చదివిన పై తరగతివారికి మరల చెప్ప నక్కరలేదు.

ఇక నొక లెక్క చేయుదము. ఇంజను నిమిషమునకు 5,000 చుట్లు తిరుగుననుకొందము. క్రిందనున్న పండ్లచక్రములు ఆ వేగమును సగము చేయుననుకొనినచో, ప్రొపెల్లరు తిరుగునది 2,500 చుట్లు. పిచ్చు 8 అంగుళములైనచో నిమిషమునకు 20,000 అంగుళములు, అనగా 508 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్లు దాటును. అయితే బరువైన పడవ నీటిని చీల్చుకొని పోవునపుడు తాను లేపిన అలనే తాను ఎక్కజాలక నిలిచిపోవు వేగమొకటి గలదు. నీటిని తాకియుండు పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34 చేత గుణించిన ఆ వేగము గంటకు ఇన్ని సముద్రపుమైళ్లని తేలును. 25 అడుగుల పడవకు 5 × 1.34 = 6.7, అనగా సుమారు 12 కిలోమీటర్లు. తేలిక పడవ నీటిమీదికి లేచి ఈ హద్దును దాటగలదు. వలలు, మంచుగడ్డ, నలుగురు మనుష్యులు, పట్టిన చేపలు నిండిన పడవ చిన్న ఇంజనుతో దీనిని మిక్కిలిగా దాటుట కష్టము. అట్టి పడవకు 30 కిలోమీటర్ల పిచ్చు దేనికి?

"పిచ్చు పెరిగిన వేగము పెరుగును" అను మాట బజారులో తరచుగా వినబడుచుండును. ఈ భ్రమ క్రొత్తది కాదు. ఆంగ్లదేశమున ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను రైతు 1836లో మర ప్రొపెల్లరుకు పేటెంటు పొంది, చిన్న పడవ నొకదానిని లండను నగరపు కాలువలో నడిపెను. ఆయన అమర్చిన కొయ్యమర రెండు పూర్తిచుట్లు గలది. 1837లో నది దేనికో తగిలి సగము విరిగిపోయెను. పడవ నిలిచిపోవునని చూచువా రనుకొనవలసినదే. కాని మిగిలిన ఒక్క చుట్టుతోనే అది మునుపటికంటె వేగముగా పోయెను. అక్కడ తగ్గినది పిచ్చు కాదు, మరయొక్క పొడవు. అయినను నీటిలో నెక్కువ లోహమో కొయ్యయో త్రిప్పినంత మాత్రమున ఎక్కువ పని జరుగదని అది తెలిపినది.

పిచ్చు మితిమీరినచో, ఎద్దు మోయలేని బండిని లాగినట్లు, ఇంజను మూలుగుచు తన చుట్లను చేరలేకపోవును. పెట్రోలు ఖర్చు హెచ్చును, మసి పేరుకొనును, పిస్టను వేడెక్కును. పిచ్చు మరీ తక్కువైనచో ఇంజను హద్దుమీరి తిరిగి అరిగిపోవును. కావున పరీక్ష యొక్కటే: పడవకు రోజు వేసెడి బరువంతయు వేసి, నురుగులేని లోతునీట, థ్రాటిలు పూర్తిగా తెరచి, ఇంజను ఎన్ని చుట్లు తిరుగునో చూడవలెను. ప్లగ్గుతీగకు చుట్టి చూచు చిన్న టాకోమీటరు చాలును. వేగమును చేతిఫోనులోని జి.పి.ఎస్. చెప్పును, ప్రవాహపు ప్రభావము పోవుటకై రెండు దిక్కులకును నడిపి సగటు తీయవలెను.

ఇంజనుతో వచ్చు పుస్తకమున 5,000 మొదలు 6,000 చుట్లని వ్రాసియుండి, నిండుబరువుతో 4,600 మాత్రమే వచ్చినదనుకొందము. పిచ్చు ఒక అంగుళము తగ్గిన సుమారు 200 చుట్లు పెరుగును. అందువలన 8కి బదులు 6 వేసినచో 5,000 చేరును. ఈ పరీక్షను ఖాళీపడవతో చేసి తృప్తిపడుట ప్రమాదకరమని మా యభిప్రాయము. ఖాళీపడవతో పోవునది ప్రొద్దుటి సముద్రము. బరువుతో తిరిగి వచ్చునది కెరటములు విరుగు ఒడ్డు. వెనుకనుండి కెరటము లేచునపుడు హ్యాండిలు త్రిప్పిన వెంటనే ఇంజను అందుకొననిచో, పడవ అడ్డము తిరిగి బోర్లపడును. అక్కడ కావలసినది వేగము కాదు, తోపుడు.

బరువైన నిదానపు పడవకు వ్యాసము పెద్దదై, పిచ్చు చిన్నదై యుండుట మేలు. ఎక్కువ నీటిని నెమ్మదిగా త్రోయుట, తక్కువ నీటిని విసురుగా త్రోయుటకంటె లాభము. అయితే ప్రొపెల్లరుపైనున్న బల్లపరుపు రేకునకు తగులకుండ పట్టునంతవరకే వ్యాసము పెంచవచ్చును. అది చాలనిచో నాలుగు రెక్కలది చూడవలెను. ఉక్కు ప్రొపెల్లరు ఆకారము చెడదు; కాని రాతికి తగిలినపుడు దెబ్బను లోపలి పండ్లచక్రములకు పంపును. ఇసుకతిన్నెపైకి పడవను లాగు మనవంటి రేవులలో, వంగిన సరిచేయదగిన అల్యూమినియమే చాలునని మేము తలంతుము.

చుట్లు తగ్గినపుడు ప్రొపెల్లరునే నిందింపరాదు. పడవ అడుగున గవ్వలు పట్టినను తగ్గును. ఇంజను చుట్లు పెరిగి పడవ కదలనిచో, బొడ్డులోని రబ్బరు జారుచున్నదేమో చూడవలెను; ఇంజను మరీ పైకి బిగించినందున రెక్కలు గాలిని పీల్చుచుండుటయు కలదు. పై రేకు పడవ అడుగుతో సమముగానో, కొంచెము క్రిందుగానో ఉండవలెను.

వేట ముగిసిన ప్రతి వారమును ఇంజనును ఆపి, ప్లగ్గుతీగ తీసి, నట్టు విప్పి, ప్రొపెల్లరును ఊడదీసి చూడుడు. వల దారము ఇరుసునకు చుట్టుకొని నూనెసీలును కోయును; అప్పుడు ఉప్పునీరు లోనికి పోయి గేరునూనె పాలవలె తెల్లనగును. ఆ నూనెను వెంటనే మార్చి, సీలును వేయించి, ఇరుసునకు గ్రీజు పూసి, నట్టునకు క్రొత్త పిన్ను గ్రుచ్చి మరల బిగింపుడు.