ఆకలిని కనిపెట్టే ప్రోటీను

మొన్న సైన్సు గదిలో మేడం చేసిన ప్రయోగం మీలో చాలామంది చూశారు. రెండు సీసాల్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, రొట్టెల్లో వేసే ఈస్టు పొడి చెంచాడు చొప్పున వేశారు. ఒక సీసాలో మాత్రం పంచదార కలిపారు. మూతులకి బుడగలు తొడిగారు. కొంతసేపటికి పంచదార సీసా మీద బుడగ ఉబ్బి లేచి నిలబడింది. రెండోది అట్లాగే వేలాడుతూ ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒక డౌటు వచ్చింది. "మేడం, దానికి నోరు లేదు, మెదడు లేదు. తిండి ఉందో అయిపోయిందో దానికెట్లా తెలుస్తాది?" అని అడిగాను. వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. మేడం నవ్వలేదు. మూడు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

ఈస్టు అంటే ఒకే ఒక్క కణం ఉన్న శిలీంధ్రం. సుమారు 200 ఈస్టులను పక్కపక్కన వరసగా పెడితే ఒక మిల్లీమీటరు అవుతుంది. శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశోధించే రకం పేరు శాకరోమైసిస్ సెరివిసియే. పొద్దున తియ్యగా దించిన జీలుగు కల్లు సాయంత్రానికి ఘాటెక్కేది కూడా ఈస్టు వల్లనే. (కల్లు మాట రాశానని వార్డెను గారు కోప్పడవద్దు, ఇది సైన్సు.)

ఈస్టుకి అన్నిటికన్నా ఇష్టమైన తిండి గ్లూకోజు. అది దండిగా ఉన్నంతసేపు వేరే చక్కెరల వైపు చూడదు. చూడకపోవడమే కాదు, వాటిని తినడానికి కావలసిన పనిముట్లు కూడా తయారు చేసుకోదు. మనం టీలో వేసుకునే పంచదార గ్లూకోజు కాదు, సుక్రోజు. ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు చేతులు పట్టుకుని నిలబడితే సుక్రోజు. ఆ పట్టు విడగొట్టడానికి ఈస్టు ఇన్వర్టేజు అనే ఎంజైమును తయారు చేసి కణం బయటి అంచుకి పంపుతుంది. ఇన్వర్టేజు ఎలా చెయ్యాలో రాసి ఉన్న జన్యువు పేరు ఎస్.యు.సి.2. గ్లూకోజు దండిగా ఉంటే మిగ్1 అనే ప్రోటీను కేంద్రకంలోకి వెళ్ళి ఆ జన్యువుకి గడియలాగా అడ్డం పడి ఉంటుంది.

మరి గ్లూకోజు అయిపోతే గడియ తీసేది ఎవరు?

అమెరికాలో మేరియన్ కార్ల్‌సన్, డేవిడ్ బాట్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు, వాళ్ళతో పనిచేసినవాళ్ళు, సుక్రోజు తినలేని ఈస్టుల కోసం వెతికారు. 1981లో వాటి గురించి ప్రకటించారు. అందులో ఒక రకానికి గ్లూకోజు పెడితే మామూలుగానే పెరుగుతుంది. సుక్రోజు పెడితే మాత్రం పెరగదు. చుట్టూ తిండి ఉంటుంది, అది మాత్రం ఆకలితోనే ఉంటుంది. దానిలో పాడైన జన్యువుకి ఎస్.ఎన్.ఎఫ్.1 అని పేరు పెట్టారు. సుక్రోజును పులియబెట్టలేనిది అని దాని అర్థం. జన్యువులకి పేర్లు పెట్టే పద్ధతి నాకు విచిత్రంగా అనిపించింది. ఆ జన్యువు ఏం చేస్తుందో చూసి పెట్టలేదు, అది పాడైతే ఏం పోయిందో చూసి పెట్టారు. 1986లో ఆ జన్యువు తయారు చేసే ప్రోటీను ఒక కైనేజు అని తేలింది.

కైనేజు అంటే ఏమిటో చెప్తాను. ఏ.టి.పి. కణానికి శక్తి నాణెం అని మనం పాఠంలో చదువుకున్నాం కదా. దానికి మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. కైనేజు అందులో ఒకదాన్ని తీసి వేరే ప్రోటీనుకి అంటిస్తుంది. నుదుట బొట్టు పెట్టినట్టు అన్నమాట. బొట్టు పడిన ప్రోటీను అప్పటిదాకా చేస్తున్న పని మార్చుకుంటుంది.

ఇప్పుడు దీని నిర్మాణం. ఇది ఒంటరిగా ఉండదు, మూడు ముక్కల జట్టు. పెద్ద ముక్క ఎస్.ఎన్.ఎఫ్.1, 633 అమైనో ఆమ్లాల గొలుసు. దాని ముందు భాగమే కైనేజు. రెండు దొప్పలు ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటుంది, మధ్య సందులో ఏ.టి.పి. కూర్చుంటుంది. వెనక భాగం దాన్ని అదుపులో పెట్టేది. రెండో ముక్క మూడు రకాలు: సిప్1, సిప్2, గాల్83. ఒక జట్టులో వీటిలో ఒకటే ఉంటుంది. జట్టు కణంలో ఎక్కడికి వెళ్ళాలో ఈ ముక్కే నిర్ణయిస్తుంది. గాల్83 ఉన్న జట్టు గ్లూకోజు అయిపోగానే కేంద్రకంలోకి పోతుంది. మూడో ముక్క పేరు ఎస్.ఎన్.ఎఫ్.4. మూడూ కలిసి ఉండే మధ్యభాగం ఆకారాన్ని 2007లో ఎక్స్ కిరణాలతో చూశారు.

అసలు మీట ఒక్కచోట ఉంది. గొలుసులో 210వ అమైనో ఆమ్లం థ్రియోనిను. దానికి ఫాస్ఫేటు బొట్టు ఉంటే కైనేజు పనిచేస్తుంది, లేకపోతే నిద్రపోతుంది. బొట్టు పెట్టేవి సాక్1, టాస్3, ఎల్మ్1 అని మూడు ప్రోటీన్లు. ఒకటి లేకపోయినా మిగతావి పెడతాయి. బొట్టు తుడిచేది జి.ఎల్.సి.7, దానికి తోడు రెగ్1. గ్లూకోజు ఉన్నప్పుడు తుడిచేవాళ్ళదే పైచెయ్యి.

ఇక్కడే నా ప్రశ్నకి జవాబులో ఒక భాగం దొరికింది. ఏ.టి.పి. ఖర్చైతే ఏ.డి.పి. అవుతుంది. కణంలో తిండి తగ్గితే ఖర్చైన నాణేలు పేరుకుపోతాయి. ఆ ఏ.డి.పి. వచ్చి జట్టుకి అతుక్కుంటే, 210 మీద ఉన్న బొట్టును తుడవడం కష్టం అవుతుంది. ఇది 2011లో తెలిసింది. అంటే మెదడు అక్కర్లేదు. ఖాళీ నాణెమే వచ్చి చెప్తుంది.

మేలుకున్న ఎస్.ఎన్.ఎఫ్.1 మిగ్1కి బొట్టు పెడుతుంది. మిగ్1 కేంద్రకం వదిలి బయటికి వస్తుంది. గడియ తీసినట్టే. ఇన్వర్టేజు తయారవుతుంది. అంతే కాదు, కొవ్వు తయారు చేసే ఎంజైముకి కూడా బొట్టు పెట్టి ఆ పని ఆపిస్తుంది. కరువులో దాచుకోవడం ఎందుకని కాబోలు. ఇంకా వింత ఏమంటే, చక్కెర అంతా అయిపోయాక ఈస్టు తను చేసిన ఆల్కహాలునే తిరిగి తింటుంది. గాలి తగిలితేనే తినగలదు. ఆ పని మొదలవ్వాలన్నా ఎస్.ఎన్.ఎఫ్.1 కావాలి.

ఇదంతా మేడం చెప్తుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఇందాక చెప్తానన్న కారణం అదే. మా ఊళ్ళో కోతలకి ముందు నెలల్లో గాదె ఖాళీ అవుతుంది. అప్పుడు అమ్మ గునపం తీసుకుని కొండకి పోతాది. తీగ ఆకు చూసి ఏ దుంప తియ్యనో, ఏది చేదో చెప్పేస్తాది. చేదు దుంపల్ని ముక్కలు కోసి, ఉడకబెట్టి, వాగులో పెట్టి చేదు పోగొడతాది. మామిడి టెంకల పిండితో అంబలి కాస్తాది. బియ్యం ఉన్న రోజుల్లో ఇవేవీ ముట్టుకోదు.

పోయిన దసరా సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ చలిజ్వరంతో పడుకుని ఉంది. బియ్యం రెండు రోజులకే సరిపోయాయి. తమ్ముడు ఏడుస్తుంటే గునపం పట్టుకుని నేనే కొండకి పోయాను. చుట్టూ తీగలే. ఏది ఏదో ఒక్కటి కూడా పోల్చుకోలేకపోయాను. మూడో తరగతి నుంచి హాస్టల్లో అన్నం తింటున్నాను కదా, నాకు ఎవరు నేర్పుతారు? ఖాళీ తట్టతో దిగి వచ్చాను. పక్కింటి పెద్దమ్మ చూసి, ఏమీ అనకుండా, తను తవ్వింది సగం మా తట్టలో పోసింది.

అందుకే చుట్టూ సుక్రోజు ఉండి తినలేని ఆ ఈస్టు సంగతి వినగానే నాకు గొంతు పట్టేసింది. మేడం ఎందుకు అని అడిగారు, అప్పుడు చెప్పలేదు.

మన ఒంట్లో కూడా ఇదే రకం ప్రోటీను ఉంది. దాని పేరు ఏ.ఎం.పి.కె. అదీ మూడు ముక్కల జట్టే. ఈస్టుది, మనది చుట్టాలని 1994లో తెలిసింది. ఒక తేడా ఉంది. మనదాన్ని ఏ.ఎం.పి. నేరుగా కూడా ఉత్తేజపరుస్తుంది, ఈస్టుదాన్ని అలా చెయ్యలేదు. మీరు గ్రౌండులో పరుగెత్తి రొప్పుతున్నప్పుడు మీ కండరాల్లో అది మేలుకునే ఉంటుంది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మని అడిగి రెండు తీగల ఆకులు నోట్సులో పెట్టి తెచ్చుకున్నాను. కింద ఎడమ పక్క బొమ్మలో మూడు ఆకులు కలిసి ఉన్నది చేదు దుంప, అయిదు ఉన్నది వేరేది. కుడి పక్క మూడు రంగుల్లో ఉన్నది ఎస్.ఎన్.ఎఫ్.1 జట్టు, ఎర్ర చుక్క 210. రంగులు వేసింది ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని