టెన్నిస్ : నేల తీరు - ఆట తీరు

పాఠ్యభాగ ఉద్దేశం

నియమాలు మారకపోయినా, ఆడే నేల మారినప్పుడు ఒక క్రీడ ఏ విధంగా మారుతుందో తెలియజేయడం, క్రీడలలో న్యాయం అంటే ఏమిటో విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్ ఆటకు వెడల్పు 27 అడుగులు. నడుమ కట్టిన వల మధ్యభాగంలో 3 అడుగుల ఎత్తు ఉంటుంది. ప్రపంచంలో ఏ మూల ఆడినా ఈ కొలతలు మారవు. మారేది నేల ఒక్కటే. మట్టి, పచ్చిక, గట్టి నేల అని కోర్టులు ప్రధానంగా మూడు విధాలు. నేల మారితే ఆట మారుతుంది. ఒక్కొక్కసారి విజేత కూడా మారవచ్చు. అందువల్లనే నేల ఎంపికలో న్యాయమెంత అనే ప్రశ్న ఈ క్రీడలో తరచుగా తలెత్తుతూ ఉంటుంది.

ఈ తేడాకు మూలం బంతి నేలను తాకే క్షణంలో ఉంది. బంతికి, నేలకు మధ్య ఘర్షణ అధికమైతే బంతి ముందుకు సాగే వేగం తగ్గి, అది నిటారుగా పైకి లేస్తుంది. ఘర్షణ తక్కువైతే వేగం అంతగా తగ్గక, బంతి నేలబారుగా దూసుకుపోతుంది. ప్రత్యర్థికి బంతిని అందుకోవడానికి లభించే వ్యవధి దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

పారిస్‌లోని రోలాండ్ గారోస్‌లో సున్నపురాతి పొరపై ఎర్ర ఇటుకల పొడిని పలుచగా పరుస్తారు. ఈ నేలపై బంతి నెమ్మదించి ఎత్తుగా లేస్తుంది. ఎంత బలమైన సర్వీసునైనా తిరిగి కొట్టడానికి అవకాశం చిక్కుతుంది. కాబట్టి ఒక్కొక్క పాయింటు కోసం సుదీర్ఘంగా పోరాడవలసి వస్తుంది. ఓర్పు, దేహదారుఢ్యం గలవారికి ఈ నేల అనుకూలం.

1877లో ప్రారంభమైన వింబుల్డన్ పోటీలు నేటికీ పచ్చికపైనే జరుగుతున్నాయి. అక్కడ గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. బంతి తక్కువ ఎత్తులో వేగంగా జారిపోవడం వల్ల సర్వీసు బలం గలవారు, వల దగ్గరకు దూసుకువచ్చి కొట్టేవారు ఇక్కడ రాణిస్తూ వచ్చారు. 2001లో రెండు రకాల గడ్డి మిశ్రమానికి బదులు పూర్తిగా రై గడ్డిని నాటారు. నేల గట్టిపడి, బంతి లేచే తీరు కొంత నిలకడగా మారింది.

గట్టి నేలకు తారు లేదా కాంక్రీటు పునాది. దానిపై ఇసుక కలిపిన ఆక్రిలిక్ రంగు పూస్తారు. ఇసుక పాళ్ళను మార్చి నేల వేగాన్ని కావలసినట్లు కుదుర్చుకోవచ్చు. బంతి ఎక్కడ పడినా దాదాపు ఒకే తీరున లేస్తుంది. అయితే మోకాళ్ళపై, చీలమండలపై ఒత్తిడి అధికం. అమెరికా ఓపెన్ 1978 నుంచి, ఆస్ట్రేలియా ఓపెన్ 1988 నుంచి ఈ నేలపై జరుగుతున్నాయి.

నేల ప్రభావం మేటి ఆటగాళ్ళనూ విడువలేదు. వింబుల్డన్‌లో ఏడుసార్లు సింగిల్స్ విజేత అయిన పీట్ సంప్రాస్ పారిస్ మట్టిపై ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేకపోయాడు. రఫెల్ నాదల్ అదే మట్టిపై 14 సార్లు గెలిచాడు. 2007 మే నెలలో స్పెయిన్‌లోని పాల్మాలో ఒక విచిత్రమైన పోటీ జరిగింది. కోర్టులో సగభాగం మట్టి, సగభాగం పచ్చిక. అప్పటికి మట్టిపై వరుసగా 72 విజయాలు సాధించిన నాదల్, పచ్చికపై వరుసగా 48 విజయాలు సాధించిన రోజర్ ఫెదరర్ తలపడ్డారు. పక్కలు మారినప్పుడల్లా బూట్లు మార్చుకుంటూ ఆడిన ఆ పోటీలో నాదల్ మూడు సెట్లలో స్వల్ప తేడాతో గెలిచాడు.

ఇక న్యాయం మాట. డేవిస్ కప్‌లో నేలను ఎంచుకునే హక్కు ఆతిథేయ దేశానిదిగా ఉండేది. 1987లో భారత జట్టు ఢిల్లీలో అర్జెంటీనాను, ఇజ్రాయెల్‌ను, సిడ్నీలో ఆస్ట్రేలియాను పచ్చికపై ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్‌కు ఆతిథ్యమిచ్చిన స్వీడన్ గోథెన్‌బర్గ్‌లో పైకప్పు కింద మట్టి కోర్టును సిద్ధం చేసింది. భారత్ 0-5 తేడాతో ఓడిపోయింది. అయితే సొంత నేల ఎల్లవేళలా కాపాడదు. 1993లో ఫ్రాన్స్ తనకు అలవాటైన మట్టిని ఎంచుకోగా, లియాండర్ పేస్, రమేశ్ కృష్ణన్‌లతో కూడిన భారత జట్టు ఫ్రెజూస్‌లో ఆ దేశాన్ని 3-2తో ఓడించింది.

2012లో మాడ్రిడ్ పోటీల నిర్వాహకులు టీవీ ప్రేక్షకులకు బంతి స్పష్టంగా కనిపించాలని మట్టికి నీలిరంగు వేయించారు. ఆ నేలపై కాళ్ళు జారుతున్నాయని నాదల్, జకోవిచ్ తీవ్ర అభ్యంతరం తెలిపారు. మరుసటి ఏడాది నుంచి నీలిమట్టిని అనుమతించలేదు. ఇక్కడ ఆటగాళ్ళు నిరసించింది నేల భిన్నంగా ఉన్నందుకు కాదు, అది నమ్మదగినదిగా లేనందుకు.

కాబట్టి నేలలు వేర్వేరుగా ఉండడమే అన్యాయం కాదు. నేల ఇద్దరికీ ఒకటే కావాలి. దాని స్వభావం ముందుగా తెలియాలి. సాధనకు తగిన వ్యవధి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా గెలుపు విలువ తగ్గుతుంది. ప్రతి బేసి గేమ్ తర్వాత ఆటగాళ్ళు పక్కలు మారాలనే నియమంలో ఉన్నదీ ఈ భావమే. ఎండను, గాలిని సమానం చేయలేరు. కానీ వాటిని ఇద్దరికీ సమానంగా పంచవచ్చు.

అన్ని నేలలనూ ఒకటి చేస్తే ఆటలోని వైవిధ్యం నశిస్తుంది. హైదరాబాదుకు చెందిన సానియా మీర్జా 2009లో ఆస్ట్రేలియా గట్టి నేలపై, 2012లో పారిస్ మట్టిపై మిక్స్‌డ్ డబుల్స్‌లోను, 2015లో వింబుల్డన్ పచ్చికపై మహిళల డబుల్స్‌లోను విజేతగా నిలిచింది. నేలను బట్టి తన ఆటను మలచుకోగల నేర్పు కూడా ప్రతిభలో భాగమేనని ఇటువంటి విజయాలు నిరూపిస్తున్నాయి.

కఠిన పదాలకు అర్థాలు

దేహదారుఢ్యం = శరీర బలం
నేలబారుగా = నేలకు దగ్గరగా
ఆతిథేయ = ఆతిథ్యమిచ్చే
వ్యవధి = గడువు

ప్రశ్నలు

1. మట్టి, పచ్చిక కోర్టులపై బంతి గమనంలో గల భేదాన్ని వివరించండి.
2. 1987 డేవిస్ కప్ ఫైనల్‌లో నేల ఎంపిక ప్రాధాన్యాన్ని తెలపండి.
3. "నేలలు వేర్వేరుగా ఉండడమే అన్యాయం కాదు." సమర్థించండి.