నాలుగు శతాబ్దాల నవ్వు

ఒక రచననుగాని, ఒక రచనా సంప్రదాయాన్నిగాని హాస్యం కోసం అనుకరిస్తే దానిని పేరడీ అంటారు. ఈ పేరు ఆంగ్లభాష నుంచి వచ్చినా భావం మనకు కొత్తది కాదు. శృంగారాన్ని అనుకరిస్తే హాస్యం పుడుతుందని భరతముని నాట్యశాస్త్రంలో చెప్పాడు. ఏ రసాన్ని అనుచితంగా అనుకరించినా హాస్యమే కలుగుతుందని అభినవగుప్తుడు ఆ మాటను విస్తరించాడు. వీరరసానుకరణ నుంచి పుట్టిన హాస్యానికి చక్కని ఉదాహరణ, స్పెయిన్ రచయిత మిగెల్ డి సెర్వాంటిస్ నవల ‘డాన్ క్విక్సోట్’. దీని మొదటి భాగం 1605లోను, రెండవ భాగం 1615లోను వెలువడ్డాయి.

కవచధారులైన వీరులు రాక్షసులను సంహరించే సాహసగాథలకు అంతకుముందు స్పెయిన్‌లో విశేషమైన ఆదరణ ఉండేది. లా మాంచా ప్రాంతపు పల్లెలో యాభై ఏళ్లకు చేరువైన ఒక పెద్దమనిషి పొలాలమ్మి మరీ అటువంటి గ్రంథాలు కొంటాడు. రాత్రింబవళ్లు చదివి, మతి చలించి, తానే వీరుడననుకొంటాడు. పాత కవచం తొడిగి, బక్కచిక్కిన గుర్రమెక్కి లోకరక్షణకు బయలుదేరుతాడు. గాలిమరలు అతనికి రాక్షసులుగాను, గొర్రెలమందలు సైన్యాలుగాను కనిపిస్తాయి. సేవకుడు సాంచో పాంజా వారించినా వినడు. మర రెక్క తగిలి గుర్రంతోసహా దొర్లిపోతాడు. కాపరులు విసిరిన రాళ్లకు పళ్లు పోగొట్టుకొంటాడు. ఆనాటి పాఠకులు ఈ ఘట్టాలకు పగలబడి నవ్వారు.

ఆ నవ్వు నేడు అలాగే ఉన్నదా? ఈ నవలలోని హాస్యాన్ని మూడు విధాలుగా విభజించి చూస్తే సమాధానం దొరుకుతుంది.

మొదటిది మూలంపై ఆధారపడిన హాస్యం. సెర్వాంటిస్ అనుకరించిన ‘అమాదిస్ డి గౌలా’ వంటి గాథలు నేటి సామాన్య పాఠకునికి తెలియవు. మూలం తెలియనప్పుడు అనుకరణలోని చమత్కారం అందదు. అందువల్ల ఈ హాస్యం చాలావరకు వాడిపోయింది.

రెండవది దెబ్బలు, అవమానాలపై ఆధారపడిన హాస్యం. రెండవ భాగంలో ఒక డ్యూక్ దంపతులు మొదటి భాగాన్ని చదివి ఆనందించినవారే. వారు ఆ అమాయకుణ్ణి అతిథిగా పిలిచి, కేవలం వినోదం కోసం ఎన్నో విధాల ఆటపట్టిస్తారు. ఈ నవలలోని క్రౌర్యాన్ని నవలాకారుడు వ్లదిమీర్ నబొకోవ్ 1950ల తొలినాళ్లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఉపన్యాసాలలో ఎత్తిచూపాడు. అయితే పరిహసించినవారు పరిహాసపాత్రులంతటి పిచ్చివారేనన్న వ్యాఖ్య నవలలోనే ఉన్నది.

మూడవది మానవ స్వభావం నుంచి పుట్టిన హాస్యం. యజమాని చేత దెబ్బలు తింటున్న ఆండ్రెస్ అనే బాలుణ్ణి డాన్ క్విక్సోట్ విడిపిస్తాడు. జీతం చెల్లిస్తానని యజమాని చేత ప్రమాణం చేయించి, ధర్మాన్ని నిలబెట్టానన్న తృప్తితో వెళ్లిపోతాడు. అతడు కనుమరుగు కాగానే బాలునికి మునుపటికన్న ఎక్కువ దెబ్బలు పడతాయి. మరొకసారి ఎదురైనప్పుడు, తనను ముక్కలుగా నరుకుతున్నా సరే, రక్షించడానికి రావద్దని ఆ బాలుడు వేడుకొంటాడు. ఈ ఘట్టం నవ్విస్తుంది, వెంటనే బాధపెడుతుంది. దీనిని ఆస్వాదించడానికి సాహసగాథలు చదివి ఉండనక్కరలేదు. మంచి సంకల్పం ఉండి లోకజ్ఞానం లేనివారు అన్ని కాలాలలోను ఉంటారు.

చివరకు డాన్ క్విక్సోట్‌కు మతి కుదురుతుంది. తన భ్రమను విడిచి మరణశయ్యపై ఉన్నప్పుడు, మళ్లీ బయలుదేరుదాం లెమ్మని సాంచో ఏడుస్తాడు. హాస్యంగా మొదలైన కథ కరుణరసంలో ముగుస్తుంది.

సహాధ్యాయి నడకనో యాసనో అనుకరించి తరగతిని నవ్వించడం కళాశాలల్లో కనిపించేదే. అనుకరణకు గురైన విద్యార్థి ఆ నవ్వులో పాలుపంచుకోగలడా అన్నది అక్కడ చూడవలసిన విషయం. డ్యూక్ కోటలోని నవ్వుకు, ఆండ్రెస్ ఘట్టంలోని నవ్వుకు గల భేదం తెలిసిన పాఠకుడు ఈ ప్రశ్న వేసుకోకుండా నవ్వలేడు.

ప్రశ్నలు
1. అనుకరణకు, హాస్యానికి గల సంబంధాన్ని భారతీయ అలంకారికులు ఎలా వివరించారు?
2. ‘డాన్ క్విక్సోట్’ నవలలోని హాస్యంలో ఏది వాడిపోయింది? ఏది నిలిచింది? కారణాలు రాయండి.