పట్టణ కాపురము: మితవ్యయము ఎచ్చట మొదలిడవలెను?

స్వల్పాదాయముతో మహానగరమున సుఖముగా జీవించుట సాధ్యమా యని పలువురు మమ్మడుగుచుందురు. సాధ్యమే యని మా సమాధానము. అయితే సుఖమనఁగా నేమో ముందుగా నిర్ణయించుకొనవలయును. ఇరుగుపొరుగువారి కంటికి ఘనముగాఁ గానవచ్చుటయే సుఖమైనచో నెలకు లక్ష రూపాయలు వచ్చినను చాలవు. ఋణము లేకుండుట, ఇంటిల్లిపాదికి పుష్టికరమైన భోజనము, పిల్లలకు చదువు, అందఱును కలసి కూర్చుండుటకు కొంత తీరిక యనునవి సుఖమైనచో, హైదరాబాదు వంటి నగరమునందును 40,000 రూపాయలతో మర్యాదగా కాపురము చేయవచ్చును.

మితవ్యయమను పేరిట మన యిండ్లలో జరుగుచున్నదేమి? ధరలు పెరిగినప్పుడు మొదట తఱుగునవి ఇల్లాలి కంచములోని పాలు, పెరుగు. పిమ్మట బాలిక చదువు. ఆ పిమ్మట పనిమనిషి జీతము. యజమానుని సిగరెట్లును, క్రొత్త సెల్‌ఫోను వాయిదాలును, బంధువుల యెదుట చేయు ఆడంబరములును మాత్రము చెక్కుచెదరవు. ఇది మితవ్యయము కాదు. నోరులేనివారి వాటాను అపహరించుట. పొదుపు ఆడంబరముతో మొదలిడవలెను గాని ఆఁకలితోఁ గాదు. ఈ వ్యాసమున మేము చెప్పఁదలఁచిన ముఖ్యవిషయ మిదియే.

ఉదాహరణమునకు, ఇద్దఱు పిల్లలు గల దంపతులకు నెలకు 40,000 రూపాయలు వచ్చుననుకొందము. ఇంటి యద్దెకు 12,000, భోజనసామగ్రికి 10,000, చదువులకు 5,000, రాకపోకలకు 2,500, విద్యుత్తు, నీరు, గ్యాసు, టెలిఫోనులకు 2,500, పనిమనిషికి 1,500, ఆరోగ్య బీమాకు 1,500, ఆపదలకై నిలువ 3,000, వస్త్రములకును వినోదములకును 2,000. మొత్తము 40,000. ఇందు నిలువసొమ్మును జీతము వచ్చిన దినముననే వేఱు ఖాతాలో వేయవలెను. మిగిలినప్పుడు దాఁతమనువానికి ఎన్నఁడును మిగులదు. నెలకు 3,000 చొప్పున మూఁడేండ్లలో 1,08,000 చేరును. ఇది యించుమించు మూఁడు నెలల ఖర్చు. ఉద్యోగము పోయినను ఆ కుటుంబము మఱునాఁడే అప్పులవాని గడప త్రొక్కవలసిన పనిలేదు.

అద్దె చౌక యని ఊరి చివరకుఁ బోవువారు దూరపుఁ గొండలు నునుపను సామెతను స్మరింపవలెను. కార్యాలయమునకు దాపున నున్న ఇంటికి 12,000, 20 కిలోమీటర్ల దూరమున నున్న దానికి 9,000 అద్దె యనుకొందము. 3,000 మిగిలినట్లు తోఁచును. కాని రానుఁబోను దినమునకు 40 కిలోమీటర్లు. 25 దినములకు 1,000 కిలోమీటర్లు. లీటరునకు 50 కిలోమీటర్లు నడచు మోటారు సైకిలునకు 20 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు 100 రూపాయలకు మించిన ధరలో 2,000 పైచిలుకు అచ్చటనే వ్యయమగును. మరమ్మతులు చేర్చినచో మిగులు నామమాత్రమే. త్రోవలో దినమునకు రెండు గంటలు గడచినచో నెలకు 50 గంటలు పోయినట్లే. అది పిల్లలను దగ్గఱఁ గూర్చుండఁబెట్టి చదివింపఁదగిన కాలము. కావున అద్దెయుఁ బ్రయాణమును ఒకే పద్దుగా లెక్కింపవలెను. మెట్రో రైలునకో బస్సునకో నడచిపోఁదగిన చోట ఇల్లు వెదకుట మేలు. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ వారి సామాన్య బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపఁబడినది. ఉద్యోగము చేయు స్త్రీ గల ఇంట నిది కొంత ఊఱట. అద్దెపత్రము వ్రాయించుకొని, అడ్వాన్సునకు రసీదు పుచ్చుకొనుఁడని న్యాయవాదులుగా మా హెచ్చరిక.

కూరగాయలకు రైతుబజారులు కలవు. ఇవి 1999 జనవరి 26న ప్రారంభమైనవి. ఎఱ్ఱగడ్డ, మెహదీపట్నము, కూకట్‌పల్లి మొదలగు చోట్ల రైతులే తెచ్చి యమ్ముదురు. వారమున కొకసారి సంచితోఁ బోయి, ఆ ఋతువున పండినవాని నేరి తెచ్చుకొనువారికి వ్యయము తగ్గును. కందిపప్పు, జొన్నలు, రాగులు, ఆకుకూరలు గల వంటయిల్లు పేదది కాదు. ఫోనులో మీట నొక్కి తెప్పించు పలహారమున రుచితోపాటు చేరవేత రుసుమును గలదు.

ఇఁక ఋణము. అప్పు చేసి పప్పుకూడు తినుట నేఁడు క్రెడిటు కార్డు రూపమున మఱింత సులభమైనది. నెలకు మూఁడున్నర శాతము వడ్డీ యన్న స్వల్పముగాఁ దోఁచును. 10,000 రూపాయల బాకీని ఏడాది తీర్పకున్నచో, వడ్డీపై వడ్డీ చేరి 15,100 దాటును. కనీసపు మొత్తము చెల్లించినఁ జాలునన్న మాట బాకీ తీర్చుమార్గము కాదు, దానిని నిలుపుమార్గము.

ఏండ్ల తరబడి కూడఁబెట్టిన దంతయు నొక్క పెండ్లిలో ఖర్చగుటయుఁ జూచుచున్నాము. 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము ప్రకారము, ముప్పది దినముల నోటీసుతో, ముగ్గురు సాక్షుల యెదుట, రిజిస్ట్రారు కచ్చేరిలో వివాహము జరుపుకొనవచ్చును. 1961వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధమైన వరకట్నమునకై అప్పు తెచ్చుట పాపమే కాదు, నేరమునకుఁ దోడ్పడుటయు నగును.

తుదకొక మాట. ఇంటి లెక్కల పుస్తకము భర్త పెట్టెలో దాఁగియుండరాదు. ఆదాయ మెంతయో, అప్పెంతయో భార్యకుఁ దెలియని యింట పొదుపు నిలువదు. చదువరులారా, ఈ నెల మొదలుకొని దంపతు లిరువురును ఆదివారపు సాయంకాలము అరగంట కూర్చుండి వారపు ఖర్చులు వ్రాయుఁడు. ఒక్కొక్క పద్దు ప్రక్కను, ఇది మన యవసరమునకా, పరుల మెప్పునకా యని ప్రశ్నించుకొనుఁడు. పరుల మెప్పునకైన పద్దును ముందు కొట్టివేయుఁడు. ఇల్లాలి పాలగిన్నెను మాత్రము ముట్టకుఁడు.