సిరంజి టోపీ రంగు: షుగరు, గుండె మందులపై ఒక పాఠము



నేను డాక్టరును కాను, కాంపౌండరును కూడ కాను. టీచర్ ట్రైనింగు చదివి పిల్లలకు లెక్కలు చెప్పినవాడిని. లెక్కలు చెప్పినవాడి ఇంటిలోనే ఒక లెక్క తప్పిపోయినది గనుక ఈ పాఠము వ్రాస్తున్నాను. కొంతం చౌక్ చుట్టుప్రక్కల మన తెలుగు ఇండ్లలో, మగ్గముల మీద పనిచేసే వారింటనైనా, బీడీలు చుట్టే వారింటనైనా, షుగరు గోళీలో బి.పి. గోళీలో లేని గూడు అరుదు. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరుగారి మాట మరాఠీలో ఉంటుంది, మన పెద్దవారి ప్రశ్న తెలుగులో ఉంటుంది. ఈ మూడింటి నడుమ తిరిగేది నర్సు, లేదా నర్సింగు చదువుకొంటున్న మన ఇంటి అమ్మాయి. వారి కొరకును, ఇంట్లో వేళకు మందులిచ్చే కోడళ్ల కొరకును ఇది వ్రాసినాను.

మా వదినగారికి డెబ్బది దగ్గర పడినవి. ఉదయము 20 యూనిట్లు ఇన్సులిన్ తీసుకోవాలని వ్రాసినారు. సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉన్నది. మన దేశములో సీసాలలో ఎక్కువగా వచ్చేది ఈ బలము గలదే. దీనికి ఎర్ర టోపీ సిరంజి వాడాలి, అందులో ఒక మిల్లీలీటరుకు 40 గీతలుంటవి. 100 యూనిట్ల బలము గల ఇన్సులిన్ కూడ ఉన్నది. పెన్నులలో వేసేది సాధారణముగా అదే. అది సీసాలో వస్తే నారింజ రంగు టోపీ సిరంజి వాడాలి. ఒకనాడు మందుల దుకాణములో ఎర్ర టోపీవి లేవని నారింజ టోపీవి ఇచ్చినారు. తెచ్చినవాడిని నేనే. రంగు చూడలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. నారింజ సిరంజిలో 20వ గీత అంటే 0.2 మిల్లీలీటరు. 40 బలము గల మందు అందులో 8 యూనిట్లే పడుతుంది. ఆమె 20 తీసుకొంటున్నానని నమ్మి 8 తీసుకొన్నది. కొన్ని వారములకు పరగడుపు షుగరు 280కి చేరినది. సిరంజి మారిన సంగతి డాక్టరుగారికి ఎవరు చెప్పినారు? ఎవరును చెప్పలేదు. మందు చాలుట లేదనుకొని ఆయన మెల్లగా 30కి పెంచినారు. అప్పటికి నిజముగా లోపలికి పోయేది 12 యూనిట్లు. తరువాత డబ్బా అయిపోయినది, ఈసారి దుకాణములో ఎర్ర టోపీవి దొరికినవి. మరునాడు ఉదయము 30వ గీత వరకు లాగితే నిజముగానే 30 యూనిట్లు పడినవి. ఒక్క రోజున 12 నుండి 30కి!

పదకొండు గంటలకు ఆమె నిలువునా చెమటతో తడిసిపోయి, పిలిస్తే తిక్కతిక్కగా జవాబు చెప్పసాగినది. షుగరు పడిపోతే చేతులు వణకాలి, గుండె దడదడలాడాలి అని మేము విని ఉన్నాము. అవి రెండును లేవు గనుక ఉక్కపోత అనుకొన్నాము. సోలాపూరు ఎండలు తెలిసినవారికి ఆ మాట సహజమే. కాని వదినగారు బి.పి. కొరకు మెటోప్రొలాల్ వేసుకొంటారు. ఇది బీటా బ్లాకరు జాతి మందు. గుండె వేగమును అణచుటే దీని పని గనుక, షుగరు తగ్గినప్పుడు శరీరము చేసే హెచ్చరికలలో దడను, వణుకును ఇది కప్పివేస్తుంది. చెమటను మాత్రము కప్పదు. అందుచేత ఈ గోళీ, ఇన్సులిన్ రెండును వాడేవారికి ఊరకే చెమట పడితే వెంటనే షుగరు చూడాలి. నర్సింగు రెండవ సంవత్సరము చదువుతున్న పక్కింటి అమ్మాయి గ్లూకోమీటరు తెచ్చి చూస్తే 42 ఉన్నది. 70 కంటె తగ్గితేనే అది ప్రమాదము.

ఆ అమ్మాయి ముందు గుటక వేయగలరా అని చూసినది. వేయగలరు గనుక మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించి, గడియారము చూసి పదిహేను నిమిషములకు మరల రక్తము చూసినది. 70 దాటిన తరువాతనే జొన్నరొట్టె పెట్టించినది. స్పృహ లేనివారి నోట్లో మాత్రము నీళ్లు గాని, పంచదార గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోతుంది. అట్టివారిని ఆసుపత్రికి తీసుకొనిపోవలసినదే. అంతా సర్దుకొన్నాక ఆ అమ్మాయి, "తాతయ్యా, పాత సిరంజి ఏదీ?" అని అడిగి రెండింటిని బల్ల మీద పక్కపక్కన పెట్టినది. అప్పుడు నాకు అర్థమైనది. ముప్పది దినముల తప్పు ముప్పది క్షణములలో కనబడినది.

దీనికి తిరుగు తప్పు ఇంకను భయంకరము. 100 బలము గల మందును ఎర్ర టోపీ సిరంజితో 20వ గీత వరకు తీస్తే అరమిల్లీలీటరు వస్తుంది, అంటే 50 యూనిట్లు. కాబట్టి దుకాణములో సీసా చూపించి సిరంజి కొనండి. డాక్టరు దగ్గరకు సీసా, సిరంజి రెండును పట్టుకొనిపొండి.

ఇన్సులిన్ 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారి పరిశోధనలో దొరికినది. 1922 జనవరిలో ఒక బాలునికి మొదట ఇచ్చినారు. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలు బ్రతుకుట అరుదు. అంత విలువైన మందును మనము కిటికీలో ఎండలో పెడుతున్నాము. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుక కుండలో పెట్టవచ్చును. ఫ్రిజ్ ఉన్నవారు మంచుగడ్డ కట్టే అరలో పెట్టరాదు, గడ్డకట్టిన మందు పారవేయవలసినదే. తెరచిన సీసాను సాధారణముగా నాలుగు వారములకు మించి వాడరాదు.

గోళీల సంగతికి వస్తే, మెట్‌ఫార్మిన్ అన్నముతో వేసుకొంటే కడుపు తిప్పదు. అది ఒక్కటే వాడేవారికి షుగరు పడిపోవుట అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అట్లు కాదు. అవి వేసుకొని తినకుండా కార్ఖానాకు పోతే మగ్గము దగ్గరే పడిపోయే ప్రమాదమున్నది.

గుండె నీరసించినవారికి ఇచ్చే డిజాక్సిన్‌కు మూలము ఫాక్స్‌గ్లోవ్ అను మొక్క. ఇంగ్లండులో విలియం వితరింగ్ 1785లో దానిని గూర్చి గ్రంథము వ్రాసినాడు. మేలుచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు నడుమ దూరము చాల తక్కువ. కావున ఇచ్చే ముందు నర్సు పూర్తిగా ఒక నిమిషము నాడి లెక్కపెడుతుంది. పెద్దవారికి 60 కంటె తక్కువ ఉంటే ఆపి డాక్టరును అడుగుతుంది. వాంతులు, కండ్లకు పసుపు రంగు కనబడుట కూడ హెచ్చరికలే. నీరు పోవుటకు ఇచ్చే ఫ్రుసిమైడ్ పొటాషియమును తగ్గిస్తుంది, అది తగ్గితే డిజాక్సిన్ విషము త్వరగా ఎక్కుతుంది. ఈ రెండును వాడేవారికి పొటాషియము, క్రియాటినిన్ పరీక్షలు ఎందుకు వ్రాస్తారో ఇప్పుడు తెలిసినది గదా. ఖర్చని దాటవేయకండి.

నాలుక క్రింది సార్బిట్రేట్ కూర్చుండి పెట్టుకోవాలి, నిలబడితే బి.పి. పడి తూలిపోతారు. స్టెంటు వేసినవారు క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ స్వంతముగా మానరాదు. పన్ను తీయించుకొనుటకు పోయినా ముందు గుండె డాక్టరును అడగాలి.

పరీక్షలలో చాలమందిని తికమక పెట్టేది హెచ్‌బిఎ1సి. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు బ్రతుకుతుంది. ఆ కాలములో దానికి అంటుకొన్న చక్కెర లెక్కయే ఇది. అందుకే డాక్టరు దగ్గరకు పోయే ముందు రెండు దినములు పస్తుండి దీనిని మోసగించలేము. 6.5 శాతము, ఆపైన వస్తే మధుమేహము. రక్తహీనత ఉన్నవారిలో మాత్రము ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చును. మన స్త్రీలలో అది ఎక్కువ గనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇంకొకటి. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చును. ఆయాసము, చెమట, వాంతి మాత్రమే ఉండవచ్చును. మొదటి ఇ.సి.జి. బాగున్నదని ఇంటికి వచ్చేయరాదు. ట్రోపోనిన్ అను రక్తపరీక్ష పెరుగుటకు కొన్ని గంటలు పడుతుంది, అందుకే రెండవసారి తీస్తారు. "ఒకసారి తీసినారు గదా, డబ్బు గుంజుతున్నారు" అని నర్సుతో జగడమాడిన వారిని నేను చూసినాను.

ఈ సంచిక చదివినవారు ఇంట్లోని సీసాను, సిరంజిని ఈ పూటే పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలతో ఈ రెండు లెక్కలు చేయించండి. 40 బలము గల సీసా, నారింజ టోపీ సిరంజి, 25వ గీత: ఎన్ని యూనిట్లు? 100 బలము గల సీసా, ఎర్ర టోపీ సిరంజి, 8వ గీత: ఎన్ని యూనిట్లు? మొదటిదానికి 10, రెండవదానికి 20 రావాలి.